పోటు, పాటు, నేను పెట్టిన సంతకం

నర్మెట్టలో సముద్రం గురించి మాట్లాడుకునేందుకు నాకు ఎవరూ లేరు. వానల గురించి మాట్లాడతారు, బోరు ఎంత లోతున పడిందో మాట్లాడతారు. మా తమ్ముడు భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసి వచ్చాడు. వాడి చుట్టూ ఎప్పుడూ నలుగురు కూర్చుంటారు, ఎందుకంటే బావిలో దిగినవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. నేను ముప్పై నాలుగేళ్ళు కాకినాడ రేవులోనూ ఆ తీరం వెంటా పనిచేశాను. చివరి పద్దెనిమిదేళ్ళు టగ్గు మీద సరంగుని, అంటే పడవను నడిపించే పెద్దని. ఊళ్ళో నన్ను అడిగేది ఒకటే మాట.

"ఓడల తిరిగినవ్ గదనే, ఎన్ని దేశాలు చూసినవ్?"

ఒక్క దేశమూ చూడలేదు. ఒడ్డు కనబడేంత దూరంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ సంగతి చెప్పగానే అడిగినవాడికి ఆసక్తి పోతుంది.

ఈ మధ్య జనగామ, మహబూబాబాద్ వైపు నుంచి కొందరు యువకులు రేవుల్లో, పడవల మీద పనికి చేరుతున్నారని విన్నాను. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏ పరీక్ష రాయాలో, ఏ సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుందో ఇందులో లేదు. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ చెప్పనివి చెబుతాను. అందులో నాకు సిగ్గు తెచ్చేది కూడా ఉంది.

బురద మీద నడక

సముద్రం మీద మోజుతో నేను వెళ్ళలేదు. మా వైపు గ్రానైటు బండలు లారీల మీద కాకినాడకు పోయేవి. వాటిని దించే పనికి వెళ్ళాను. మేం పనిచేసిన చోట పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు; దూరంగా లోతు నీళ్ళలో లంగరు వేసుకుని నిలబడేవి. సరుకును బార్జీలనే చదును పడవల మీద వేసి, టగ్గుతో లాక్కెళ్ళి వాటికి అందించాలి. ఒకరోజు బార్జీ మీద మనిషి తక్కువై నన్ను ఎక్కించుకున్నారు. మళ్ళీ దిగలేదు.

మొదటి రెండేళ్ళు నేను నోరు విప్పింది తక్కువ. "ఏంది, గిట్లనా?" అంటే చాలు, బార్జీ అంతా ఆ మాటనే పదిసార్లు అని నవ్వేది. సినిమాలో చూసినట్టు నన్ను చూసేవారు. నా పేరు మల్లేశం అని చాలామందికి తెలియదు కూడా. అందుకని మాట్లాడ్డం మానేసి నీళ్ళను చూస్తూ కూర్చునేవాణ్ణి. మా సరంగు అప్పలరాజు గారు అది కనిపెట్టారు. ఆయన జాలరి ఇంట పుట్టినవాడు, పుస్తకం పట్టినవాడు కాదు.

"మాటాడనోడే నీటిని సూత్తాడ్రా," అని నన్ను చుక్కాని దగ్గరికి తెచ్చుకున్నారు.

సముద్రం రోజుకు రెండుసార్లు పెరుగుతుంది, రెండుసార్లు తీస్తుంది. పెరగడం పోటు, తీయడం పాటు. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఇంచుమించు ఆరు గంటలు. పోటు వేళలు అచ్చు వేసిన పట్టికలో ఉంటాయి. ఆ పట్టిక నాకు వచ్చేసిందని గర్వం. డెక్కు మీద పనిచేసే ఖలాసీల్లో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి మా బార్జీ మీద నేనొక్కణ్ణే.

ఆ గర్వంతోనే ఒక పొద్దున కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర బార్జీని తీసుకెళ్ళి బురద మీద ఎక్కించాను. పట్టిక ప్రకారం ఇంకా గంటసేపు చాలినంత నీరు ఉండాలి. లేదు. ముందురోజు నుంచి పడమటి గాలి గట్టిగా కొడుతోంది. ఒడ్డు నుంచి వీచే గాలి నీటిని బయటికి తోసేస్తుంది. పట్టిక రాసినవాడికి ఆ రోజు గాలి సంగతి ఎలా తెలుస్తుంది? పైగా నీరు తీసే వేళ. టగ్గు ఎంత గుంజినా బార్జీ కదల్లేదు. కాసేపటికి చుట్టూ నీళ్ళు పోయి, ఊరంతా చూస్తుండగా ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

అప్పలరాజు గారు తిట్టలేదు. తాడు నిచ్చెన వేయించారు.

"దిగు. సుట్టూ నడు. దేని మీద నడిపేవో నీ కాళ్ళకి తెలవాల."

మోకాళ్ళ లోతు బురదలో బార్జీ చుట్టూ నడిచాను. పైనుంచి చూస్తే నీళ్ళన్నీ ఒకటే. కింద ఒకచోట గట్టి ఇసుక, నాలుగడుగుల అవతల మనిషిని మింగే బురద. మళ్ళీ పోటు వచ్చి తేల్చేదాకా అక్కడే ఎండలో ఉన్నాం. లోతు తెలియని చోట నీరు పెరిగేటప్పుడు వెళ్ళండి. తప్పు చేస్తే నీరే మిమ్మల్ని లేపుతుంది. తీసేటప్పుడు వెళితే తప్పు అక్కడే కూర్చుంటుంది. పున్నమి పోటు నెత్తి మీద ఎక్కించినవాడైతే మళ్ళీ అమావాస్య దాకా కూర్చోవలసి రావచ్చు. నాకు ఆరు గంటలతో పోయింది.

రుజువు లేని నిర్ణయం

ఆయన తర్వాత నేను సరంగునయ్యాను. పైన ఒడ్డు మీద ఒక సూపర్వైజరు ఉండేవాడు. పేరు రాయను. చెడ్డవాడు కాదు, కానీ సముద్రాన్ని ఫోనులోంచి చూసే మనిషి.

ఒక పొద్దున ఆకాశం కడిగినట్టుంది. గాలి లేదు, రేవులో హెచ్చరిక గుర్తు లేదు. కానీ దక్షిణం నుంచి పొడుగాటి అలలు, ఒకదానికీ మరొకదానికీ చాలా ఎడంతో, బరువుగా వస్తున్నాయి. గాలి లేకుండా అలాంటి అల వస్తోందంటే ఎక్కడో దూరాన గాలి ఉందన్నమాట. అది ఇటు తిరుగుతుందో లేదో ఆ అల చెప్పదు. బార్జీని బయటికి తీయనని చెప్పాను.

"ఇంత ఎండ కాస్తుంటే తుఫాను ఎక్కడ కనపడిందయ్యా నీకు?" అన్నాడు సూపర్వైజరు. "మీ చెరువులో పడవనుకున్నావా?"

"అల మంచిగ లేదు సార్. రేపు పోత."

ఇంకో సరంగు ఆ బార్జీని తీసుకెళ్ళాడు. సాయంత్రానికి నవ్వుతూ తిరిగొచ్చాడు. ఆ వాయుగుండం ఒరిస్సా వైపు పోయిందని తర్వాత తెలిసింది. నన్ను నెలరోజులు గట్టు మీద తాళ్ళ గోదాముకు కాపలా పెట్టారు. ముందు నుంచి వెళ్ళేవాళ్ళంతా ఆకాశం వైపు చెయ్యి చూపించి, "ఎలాగుందండి వాతావరణం?" అని అడిగేవాళ్ళు.

ఈ వృత్తిలో ఎవరూ చెప్పని సంగతి ఇదే. వెళ్ళనన్నందుకు బతికిపోయానని రుజువు చేసేది ఏదీ ఉండదు. వెళ్ళినవాడు క్షేమంగా వస్తే మీరు పిరికివారు. ఎవరికీ ఏమీ కాకపోవడమే మీ విజయం, అది ఎవరికీ కనబడదు. ఆ ఒంటరితనాన్ని భరించడం రానివాడు సరంగు కాకూడదు. ఆ నెలరోజులు భరించాను గానీ, లోపల ఎక్కడో వంగిపోయానని తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నం

నా టగ్గు డ్రైవరు కొండబాబు. ఇంజను మనిషిని మేం డ్రైవరంటాం. తొమ్మిదేళ్ళు నాతో పనిచేశాడు. జాలరుల కొడుకు, చేపలాగా ఈదేవాడు. నా మాటను వెక్కిరించనివాడు అతనొక్కడే, పైగా నేర్చుకున్నాడు. ఇంజను స్టార్టవడం ఆలస్యమైతే కిందనుంచి "జర ఆగు అన్నా!" అని అరిచేవాడు.

పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, ఓడ ఎదురుచూస్తోందని సూపర్వైజరు ఫోను. అప్పుడు సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి ఒడ్డు వైపు కొడుతోంది. పాటు నీరు కాలువలోంచి సముద్రం వైపు పరుగెడుతోంది. గాలీ నీరూ ఎదురెదురైతే మొగ దగ్గర అల పొట్టిగా, నిలువుగా లేస్తుంది. రెండు గంటలు ఆగితే పాటు నెమ్మదించేది. నాకు తెలుసు. తెలిసి కూడా, మళ్ళీ గోదాము ముందు కుర్చీలో కూర్చోలేక "పోతున్న సార్" అన్నాను.

వెనక బార్జీ, ముందు మేం నలుగురం: నేను, కొండబాబు, ఇద్దరు ఖలాసీలు. లైఫ్ జాకెట్లు నాలుగూ క్యాబిన్‌లో మేకుకు వేలాడుతున్నాయి. ఉక్కపోతని ఎవరూ తొడగలేదు, నేనూ తొడగమనలేదు. మొగ దాటుతుండగా ఇంజను వేడి ముల్లు పైకి లేచింది.

"కొండబాబూ, పక్కకు పోయి చూడు. నీళ్ళు బయటికి పడ్తున్నయా?"

ఇంజనును చల్లబరిచే నీళ్ళు టగ్గు పక్కనున్న గొట్టంలోంచి పడుతుండాలి. అతను కమ్మీ పట్టుకుని బయటికి వంగాడు. మనిషి పక్కకు వెళ్ళినప్పుడు వేగం తగ్గించి ముక్కును అలకు ఎదురు తిప్పాలి. నేను తిప్పలేదు, బార్జీ పక్కకు లాగేస్తుందని భయం. అల అడ్డంగా వచ్చి తగిలింది. టగ్గు ఒరిగి లేచేసరికి కమ్మీ దగ్గర ఎవరూ లేరు.

"మనిషి నీళ్ళల్లో!" అని అరిచాను. ఒక ఖలాసీ రబ్బరు ట్యూబు విసిరాడు. కొండబాబు తల కనబడింది, చెయ్యి కూడా ఎత్తాడు. అప్పుడు నేను చేయవలసింది ఒకటే. ఒక మనిషిని నిలబెట్టి, వేలు అతని వైపు చాపి, ఏం జరిగినా కన్ను తిప్పొద్దని చెప్పడం. ఆ అలల్లో మనిషి తల కొబ్బరికాయంత కూడా కాదు; ఒక్కసారి కన్ను తప్పితే మళ్ళీ దొరకదు. నేను ఇద్దరు ఖలాసీలనూ తాళ్ళ మీదికి తోలాను. అతన్ని నేనే చూస్తున్నాను కదా అనుకున్నాను. ఇంతలో బార్జీ తాడు వదులై నీళ్ళలోకి దిగింది. అది టగ్గు కింద తిరిగే పంకాకు చుట్టుకుంటే మేమందరం పోతాం. ఒక్కసారి వెనక్కి చూశాను. ఎంతసేపు? ఊపిరి తీసి వదిలినంతసేపు.

ముందుకు తిరిగేసరికి నీళ్ళు తప్ప ఏమీ లేదు.

బార్జీని వదిలేసి వెలుతురున్నంతసేపు తిరిగాం. ట్యూబు దొరికింది. కొండబాబు మర్నాడు వలలు వేసేవాళ్ళకు దొరికాడు.

ఈత వచ్చినవాడే ముందు పోతాడని నేనంటే నవ్వకండి. ఈత రానివాడు జాకెట్టు తొడుక్కుంటాడు.

కాగితం

రెండో రోజు సూపర్వైజరు ఒక కాగితం నా ముందు పెట్టాడు. అందులో ఇలా ఉంది: డ్రైవరు మద్యం తాగి ఉన్నాడు, సరంగు వద్దంటున్నా పక్కకు వెళ్ళాడు, అదుపు తప్పి పడ్డాడు.

"తాగలే సార్ అతను."

"పోయినోడు ఎలాగూ రాడు మల్లేశం. నిజం రాస్తే నీ లైసెన్సు పోతుంది. ఆ వేళలో పంపించినందుకు నా ఉద్యోగం పోతుంది. నీకు ఇల్లుంది, పెళ్ళాముంది. ఆలోచించుకో."

నేను పెద్దగా ఆలోచించలేదు. సంతకం పెట్టాను. కొండబాబు ఇంటికి వెళ్ళినప్పుడు అతని భార్య రమణమ్మ మొహం వైపు చూడకుండా, "అల కొట్టిందమ్మా, ఏం చేయలేకపోయినం," అని చెప్పి వచ్చేశాను. కాగితంలో ఏముందో ఆమెకు ఆఫీసు వాళ్ళు చెబుతారని నాకు తెలుసు.

ఆ తర్వాత ఆరేళ్ళు పనిచేశాను. జాకెట్టు లేకుండా ఎవరినీ డెక్కు మీదికి రానివ్వలేదు. నెలకోసారి నీళ్ళలో కొబ్బరికాయ పారేసి, ఒకణ్ణి వేలు చాపి నిలబెట్టి, దాన్ని తిరిగి తెచ్చేదాకా ఊరుకోలేదు. కొత్తవాళ్ళు నన్ను చాదస్తుడనేవారు. ఎందుకు చేయిస్తున్నానో ఒక్కరికీ చెప్పలేదు. ఆ ఇద్దరు ఖలాసీలు ఏడాది తిరక్కుండానే వేరే రేవులకు వెళ్ళిపోయారు. మేం ముగ్గురం మళ్ళీ కలవలేదు.

యాదమ్మ అడిగిన మాట

నా భార్య యాదమ్మ సముద్రం చూడలేదు. ఏడాదికి రెండుసార్లు నేనే స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి ఇంటికి వచ్చేవాణ్ణి. ఒక వారం చుట్టంలా ఉండి పోయేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. టీవీలో బంగాళాఖాతం అన్న మాట వినబడితే ఆమె ముద్ద ముట్టేది కాదని మా తమ్ముడి భార్య చెప్పింది, అదీ నేను రిటైరై వచ్చాక. ఇంటికి వచ్చాక ఇద్దరం ఒకే కప్పు కింద ఉండటం నేర్చుకోవడానికే రెండేళ్ళు పట్టింది.

నిరుడు ఆమెకు గుండె జబ్బు తిరగబెట్టింది. జనగామ దవాఖానలో పన్నెండు రోజులున్నాం. పక్కన ఊరికే కూర్చోలేక, ఒక మధ్యాహ్నం కొండబాబు సంగతి మొత్తం చెప్పాను. సంతకం దాకా.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"గా ఏడు నువ్వొచ్చినప్పుడు ఏందో అయిందని నాకెర్కే. స్నానానికి నీళ్ళు తోడితె గంగాళం దిక్కు చూడకపోతివి."

"మరి అడుగకపోతివి?"

"అడిగితె మల్ల పనికి పోకపోదువు. పోకుంటె ఈడ ఏం చేస్తువు? నీకు ఇంకో పని రాదాయె."

కాసేపు కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"ఆయన పెండ్లాం ఎట్లున్నదో ఎన్నడన్న అర్సుకున్నవా?"

"లేదు."

"గదేందయ్యా," అంది. అంతే అంది. నన్ను తిట్టిన ఇరవై ముప్పై ఏళ్ళ తిట్లలో అంత తగిలిన మాట లేదు.

పదకొండో రోజు కొంచెం తేరుకుంది. పన్నెండో రోజు పోయింది. దినాలు అయ్యాక మా తమ్ముడికి చెప్పి కాకినాడ రైలెక్కాను. మహబూబాబాద్ దాటేవరకు దిగిపోదామనే అనుకున్నాను.

నాలుగిళ్ళు

రమణమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"సరంగు గారా?"

కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. పాటు వేళ బయలుదేరింది నేను. పక్కకు వెళ్ళి చూడమన్నది నేను. కన్ను తిప్పింది నేను. కాగితం మీద సంతకం నాది.

"తాగలేదా?" అంది ఆమె. మిగతాదేదీ ఆమెకు వినబడినట్టు లేదు.

"తాగలేదు చెల్లె. పొద్దటి సంది నా పక్కనే ఉన్నడు. చాయ్ తప్ప ఏం ముట్టలే."

ఆమె చేతిలో చేపను బుట్టలో పెట్టింది.

"పదేళ్ళండి. పిల్ల పెళ్ళిలో మా ఆడపడుచు అంది, తాగి సచ్చినోడి కూతురని. కోపం వచ్చినప్పుడల్లా నేనూ అన్నానండి. ఫోటో ఎదరే నిలబడి అన్నాను." లేచి చీర దులుపుకుంది. "రండి నాతో."

వీధిలో ముందు ఆమె, వెనక నేను. ఆడపడుచు ఇంటి ముందు ఆగి, "చెప్పండి," అంది. చెప్పాను. ఆడపడుచు నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టడం పూర్తయ్యేదాకా ఆగి రమణమ్మ పక్కింటికి నడిచింది. అక్కడా చెప్పాను. మూడో ఇంట్లో మగవాళ్ళెవరో నా చొక్కా పట్టుకున్నారు. ఆమే విడిపించింది.

"ఇంకోచోట చెప్పాలి, వదలండి."

నాలుగోది కొండబాబు తండ్రి ఇల్లు. ముసలాయన అరుగు మీద వల బాగుచేస్తున్నాడు.

"మావయ్యకి చెవులు వినపడవు. గట్టిగా చెప్పండి," అంది రమణమ్మ.

ఇంజను హోరులో అరిచినట్టు అరిచాను. "కొండబాబు తాగలేదు! పక్కకు పోయి చూడమన్నది నేనే! తప్పు నాది!" ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చారు. రెండోసారి కూడా అరవమంది ఆమె. అరిచాను.

ముసలాయన వల మీద నుంచి చెయ్యి తీశాడు.

"గాలెటునించి?" అన్నాడు.

"ఆగ్నేయం!"

"నీరు?"

"పాటు!"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు. చుక్కాని దగ్గర కొత్తవాడికి చెప్పినట్టు, నెమ్మదిగా అన్నాడు.

"ఆ ఏళప్పుడు ఎల్లకూడదు గదా బాబూ."

"ఎల్లకూడదు," అన్నాను. ఈసారి అరవలేదు. ఆయనకు వినబడి ఉండదు.